పురాతన దారుసామగ్రి : పలాస, టెక్కలి, ఉద్దాన తీరము

మహేంద్రగిరి పాదములనుండి తూర్పు సముద్రపు ఇసుకతిన్నెల వరకు, టెక్కలి మొదలుకొని ఇచ్ఛాపురము దాక వ్యాపించిన సన్నని భూఖండమున, కొబ్బరి, పనస, జీడిమామిడి తోటల సమృద్ధిచేత ఉద్దానమని పేరొందిన పల్లెలును, వాటికి అంగడులై వర్ధిల్లిన పలాస, కాశీబుగ్గ, సోంపేట, టెక్కలి పట్టణములును, ఒకప్పుడు ఈ ప్రాంతమున అధికారము నెరపిన మందస మున్నగు సంస్థానముల కోటలును కలవు. ఈ సీమ పాతయిండ్లలో నేటికిని కానవచ్చు మంచములు, భోషాణములు, పీటలు, ఉయ్యాలబల్లలు, పడకకుర్చీలు, బీరువాలు మొదలైన కర్రసామాను ఏ చెట్టునుండి, ఏ చేతినుండి, ఏ యవసరమునుండి పుట్టినదో, ఏ మార్గమున ఇచ్చటికి చేరినదో వివరించుట ఈ వ్యాసోద్దేశము. భారతప్రభుత్వము 1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుండి అమలుపరచిన పురావస్తు, కళానిధుల చట్టము సామాన్యముగా 100 సంవత్సరములకు తక్కువకాని ప్రాయముగల కళాకృతులను, చేతిపని వస్తువులను పురావస్తువులుగా పరిగణించును. ఆ కొలత చొప్పున 1920 ప్రాంతమునకు పూర్వము పుట్టి నేటికిని నిలిచిన మంచమైనను, పెట్టెయైనను ఈ విచారణలోనికి వచ్చును.

వర్తకులు పాతసామానునకు దంతపుపనిని, నగిషీని, పైమెరుగును చూచి వెలకట్టుదురు. ఆ కొలబద్ద ఈ సీమకు చాలదు. ఇచ్చట నగిషీ యేమియు లేని పనసపెట్టె యొకటి ఒక కుటుంబముయొక్క పట్టుబట్టలను, వెండిబంగారములను, దస్తావేజులను తరతరములుగా కాపాడియుండును. దాని పలకల మందమునకు, కాళ్ళ యెత్తునకు, మూత బిగువునకు, తాళపు అమరికకు వడ్రంగి చేసిన ప్రతి నిర్ణయము వెనుకను ఉప్పుగాలియో, చెదపురుగో, తుపానునీరో, దొంగభయమో కారణమై నిలిచియుండును. ఒక వస్తువు దేనికై వాడబడినదో తెలిసినగాని అది ఎచ్చటిదో, ఎప్పటిదో తెలియరాదు. కావున ఈ వ్యాసమున జాతివిభాగము వినియోగమును అనుసరించియే చేయబడినది; అలంకారము తరువాతి మాట.

శయ్యాసనములను గూర్చిన విచారము మనదేశమున మిక్కిలి ప్రాచీనము. క్రీ. శ. 2వ శతాబ్ది ప్రాంతపు అమరావతి శిల్పములలో వీపుగల ఆసనములు, తరిమెన పట్టిన కాళ్ళుగల పర్యంకములు, పేము అల్లికను పోలిన గుండ్రని పీఠములు కన్పట్టుచున్నవి. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు శయ్యాసనములకు ప్రత్యేకముగ ఒక యధ్యాయమును కేటాయించి, అసన, చందన, తిందుక, శాల, శాక, శింశుపాది వృక్షముల దారువు శుభప్రదమనియు, పిడుగుచేతను, నీటిచేతను, గాలిచేతను, ఏనుగులచేతను కూలిన వృక్షముల దారువు త్యాజ్యమనియు నిర్ణయించెను. భోజరాజకృతమని ప్రసిద్ధి వహించిన యుక్తికల్పతరువునందును పీఠములును, ఖట్వలును పరిమాణసహితముగ వర్ణింపబడినవి. వరాహమిహిరుడు చెప్పిన వానిలో అసనమను వేగిస, శాలమను గుగ్గిలము, తిందుకమను తుమికి ఈ సీమకు పడమట గల కొండ అడవులకు సహజములు. కాని ఉద్దానపు గృహస్థుని యింట అన్నిటికంటె అధికముగ కన్పట్టు దారువు ఆ పట్టికలోనే లేదు. అది పనస.

పనస ఈ తీరమున ఫలవృక్షము మాత్రమే కాదు. తాత నాటినప్పుడు మనుమని యింటి తలుపు కాగల చెట్టు. దాని చేవ కోసిన క్రొత్తలో పసుపువన్నెగ నుండి, గాలియు వెలుతురును సోకినకొలది తేనెరంగునకు తిరిగి, ఏండ్లు గడచిన పిమ్మట ఎరుపు కలసిన గోధుమవన్నెకు స్థిరపడును. చెద దానిని సులభముగ ముట్టదు. ఉలికి మెత్తగ లొంగును, ఎండిన తరువాత అంతగ వంకర తిరుగదు. పొరుగునగల విజయనగరము జిల్లా బొబ్బిలి వైణికశిల్పులు ఏకఖండముగ వీణను తొలుచుటకు పనసనే ఎన్నుకొనుటకు ఈ గుణములే హేతువులు. గుగ్గిలము మిక్కిలి బరువైనది, కఠినమైనది. దూలములకును, ద్వారబంధములకును తగును గాని సున్నితమైన పనికి తగదు. ఇరుగుడు నల్లనికర్ర, ధనికుల యిండ్లకే చేరినది. వేప, మామిడి, చింత, తుమ్మ సామాన్యుల బల్లలకును, మంచపుకోళ్ళకును వచ్చినవి. జీడిమామిడి కర్ర పెట్టెకట్టునకును వంటచెరకునకును మించి అక్కరకు రాదు. అయినను బ్రెజిలు దేశమునుండి పోర్చుగీసువారు 16వ శతాబ్దిలో మనదేశమునకు తెచ్చిన ఆ చెట్టుయొక్క పిక్కతొక్కనుండి తీయు నల్లని ఘాటైన నూనె పడవల యడుగులకును, కర్రకును చెదమందుగ ఉపకరించుచున్నది. జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధమైన పలాసలో ఆ నూనె పప్పుతోపాటు పుట్టు సరకే.

ఈ సీమ గృహజీవనము చిరకాలము నేలమీద సాగినది. భోజనము, చదువు, పూజ, వ్యాపారపు లెక్క, అతిథిసత్కారము అన్నియు నేలపై కూర్చుండి నడచినవే. అందువలన కర్రసామానులో మొదట చెప్పవలసినది పీట. అడుగున రెండు అడ్డుపట్టెలుగల అరచేతియెత్తు భోజనపుపీట, అంచులకు ఇత్తడిరేకు తొడిగిన పెండ్లిపీట, దేవుని యెదుట అర్చకుడు కూర్చుండు వెడల్పుపీట, కూరలు తరుగు కత్తిపీట, ఇట్లు ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి ఏర్పడినది. మంచి పీట ఒకే పలకనుండి పుట్టును. అతుకు వేసినచో నిత్యము తడియు ఎండయు సోకుచుండుటచే రెండేండ్లలో విచ్చిపోవును. తాటాకు పుస్తకములను, తరువాత అచ్చుగ్రంథములను నిలుపుకొను వ్యాసపీఠము ఈ వర్గములోనిదే గాని పనితనమున దానిది వేరుస్థాయి. ఒకే పలకను మందమున సగముగ చీల్చి, నడుమ కీలును ఆ చెక్కనుండియే తొలిచి, మేకుగాని అతుకుగాని లేకయే విప్పుటకును ముడుచుటకును వీలుగ చేయు ఆ పని వడ్రంగి విద్యకు పరీక్షవంటిది. అట్టిదానిని చేతబట్టినప్పుడు కీలుపండ్ల నడుమ సందు ఎంత సన్నమైనదో చూడవలెను. పనివాని చేయి అచ్చట తెలియును.

మంచము విషయమున ఈ తీరమునకు సొంతమైనది కర్రకంటె త్రాడు. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, పట్టెల కొనలందలి కుసులు కోళ్ళ బెజ్జములలో దిగియుండుట, ఇది తెలుగుదేశమంతట ఒక్కతీరే. వాటినడుమ అల్లు నులక మాత్రము ప్రాంతమునుబట్టి మారును. శ్రీకాకుళపు మెట్టభూములలో గోగు, జనుము విరివిగ పండుటచేత గోగునార, జనుపనార నులక అందు వాడుకైనది. తోటసీమలో కొబ్బరిపీచు త్రాడు చేతికందుటచే, అది గరుకైనను చెమటకును తేమకును కుళ్ళదుగాన, మంచమునకు అదియే వచ్చినది. పగలు గోడకు నిలబెట్టుటకును, ఎండాకాలమున వీధియరుగు చెంతకు తెచ్చుటకును, నల్లులు పట్టినప్పుడు ఎండలో వేసి వేడినీరు పోయుటకును వీలగు ఈ తేలికైన మంచము పేదయింటను, కలవారియింటను సమానముగ చెలామణియైనది. నవ్వారు పట్టె అల్లిన మంచము కొంత తరువాతిది. వీనికి భిన్నముగ, కదలింప వీలుకాని రాచఠీవితో నిలుచునది పందిరిమంచము. నాలుగు మూలల తరిమెనపట్టిన ఎత్తైన స్తంభములు, పైన చట్రము, తలవైపు చెక్కడపుపలక, కొన్నిట అద్దపు బిళ్ళలు, లక్కరంగులు పూసిన కాళ్ళు దీని లక్షణములు. కన్యతోపాటు అత్తవారింటికి పంపు సారెలో పందిరిమంచము ముఖ్యవస్తువు. చూపరులు దానిని భోగచిహ్నముగ తలంచుట కలదు. నిజమునకు దోమలు మెండైన తీరమున తెర కట్టుకొనుటకు ఆ చట్రమే ఆధారము.

పెట్టెలు ఈ విషయమున అత్యంత సారవంతమైన భాగము. ఇనుపబీరువా లేని కాలమున, బ్యాంకు చెంతలేని పల్లెలో, ఇంటిధనమంతయు ఒక కర్రపెట్టెలో నుండవలసి వచ్చినది. వీనిలో పెద్దది భోషాణము. నిలువెత్తు మనిషి పడుకొనదగిన పొడవు, నడుమెత్తు లోతు, రెండంగుళములకు తక్కువకాని పలకలు, మూతపై ఒక మూలగ చిన్నతలుపు, లోపల అరలు, ఆ యరల వెనుక యజమానికిమాత్రమే తెలిసిన రహస్యపు సొరుగు దీని నిర్మాణము. రాత్రివేళ ఇంటిపెద్ద దానిమూతపైననే పరుండుట ఆచారము. దొంగ ముందు ఆయనను లేపినగాని పెట్టెను తెరువలేడు. కొన్ని భోషాణములకు అడుగున కర్రచక్రములు కలవు. నిండిన భోషాణమును నలుగురైనను ఎత్తలేరుగాన ఇల్లు అలుకునప్పుడును, నిప్పు అంటుకొన్నప్పుడును త్రోసివేయుటకు అవి అవసరములు. ఇంతకంటె చిన్నది కాళ్ళపెట్టె. నేలతడియు, చెదయు అంటకుండ జానెడెత్తున నిలిపిన దాని కాళ్ళక్రింద రాతిముక్కలు ఉంచెడివారు. సారెబట్టలు, ఆకువక్కలు, పిండివంటలు మోయుటకు కావడిపెట్టెలును, నగలకు చేపట్టు పెట్టెలును, తమలపాకులకు అరలుగల పెట్టెలును వేరు.

ఈ పెట్టెలను పరిశీలించునప్పుడు మూలలు చూచుట ప్రధానము. రెండుపలకలు కలియుచోట పండ్లను కోసి, రెండుచేతుల వ్రేళ్ళు ఒకదానిలో నొకటి జొనిపినట్లు బిగించి, పైన ఇత్తడిరేకు తొడుగుట ఉత్తమమైన పని. సముద్రపుగాలి సోకుచోట ఇనుపమేకు తుప్పుపట్టి, ఆ తుప్పు ఉబ్బి కర్రను చీల్చును. కావున తీరగ్రామములకు పనిచేసిన తెలివిగల వడ్రంగి ఇనుమును వీలైనంత వర్జించి కర్రసీలలను, ఇత్తడిని ఆశ్రయించెను. అడవివైపు పల్లెలలో అదేకాలపు పెట్టెలకు ఇనుపపట్టీలు దట్టముగ నుండుటకు అచ్చట ఆ బాధ లేకుండుటయే కారణము. ఇంటిధాన్యము మాత్రము ఈ పెట్టెలలో నుండెడిది కాదు. దానికి గడ్డిత్రాటితో చుట్టిన పురులును, గాదెలును వేరుగ కలవు.

టెక్కలి, కాశీబుగ్గ, సోంపేట అంగడులలో వర్తకుని ఆసనమునెదుట ఒక వాలుబల్ల కన్పట్టెడిది. నేలపై పరచిన పరుపుమీద బాసికపట్టు వేసికొని కూర్చున్న గుమాస్తా ఒడిలోనికి వచ్చు ఎత్తున నుండి, పైపలక ముందునకు వాలి, దానిక్రింద చిట్టా, ఆవర్జా, కలములు, సిరాబుడ్డి ఉంచు అరగలిగిన ఆ బల్ల, ప్రక్కనే మూతలో కాసులుపడు సన్నని చీలికగల గల్లాపెట్టె, ఈ రెండే ఆనాటి వాణిజ్యకార్యాలయము. పాశ్చాత్యుల రాతమేజా కుర్చీతో జంట. ఇది నేలతో జంట. వాలుపలక ఎడమయంచున మోచేయి రాసి నునుపుదేరిన మచ్చ యున్నచో అది నిజముగ వాడబడిన బల్లయని నమ్మవచ్చును.

ఉయ్యాలబల్ల గలయింట సావిడి దూలము బలమైనదై యుండవలయును. ఇత్తడిగొలుసులకు చిలుకలు, ఏనుగులు పోతపోసి వ్రేలాడదీసిన బల్లపై మధ్యాహ్ననిద్ర, పంచాంగశ్రవణము, పెండ్లిలో దంపతులకు ఊంజలసేవ నడచును. పసిపిల్లల ఊయలతొట్టెకు తరిమెనకడ్డీలు, లక్కరంగులు తప్పనిసరి. దేవతార్చన మందిరము చిన్నకోవెల ఆకృతిగ స్తంభములతోను శిఖరముతోను వెలయును. మేనా, పల్లకీ యానములే గాని గృహోపకరణములు కావు. అయినను వాటిని చేసినవారు మంచము చేసిన వడ్రంగులేగావున ఇచ్చట పేర్కొనదగును. వైష్ణవాలయములందలి గరుడ, హనుమద్వాహనములును ఆ చేతులవే. ఇచ్ఛాపురము, మందస ప్రాంతమున తెలుగు విశ్వకర్మలతోపాటు ఒడియా మహారాణాలును ఈ వృత్తియందుండుటచేత పూలతీగ చెక్కడములో రెండుసంప్రదాయములును కలసినవి. పర్లాకిమిడి పట్టణమున కొమ్ముపని నేటికిని ప్రసిద్ధము; పశువుల కొమ్మును వేడిచేసి వంచి దువ్వెనలు, పక్షులు, పెట్టెపిడులు చేయు ఆ విద్య, దారుశిల్పమునకు తోబుట్టువు.

ఇంటి అక్కరలోనుండి పుట్టిన యీ సామానునకు పూర్తిగ భిన్నమైనది, కాని ఈ తీరముననే జన్మించి ప్రపంచప్రఖ్యాతినందినది, విశాఖపట్టణపు దంతపుపని. 17వ శతాబ్దిలో డచ్చివారు భీమునిపట్టణమునను, ఆ శతాబ్ది చివర ఆంగ్లేయులు విశాఖపట్టణమునను వర్తకస్థానములు నెలకొల్పుకొనిరి; బట్టలకై వచ్చిన ఆ వర్తకులు తమదేశపు కుర్చీని, బల్లను, సొరుగుల పెట్టెను చూపి స్థానిక శిల్పులచేత చేయించుకొనసాగిరి. మొదటికాలపు పనిలో నల్లచేవ కర్రయందును ఇరుగుడుకర్రయందును గుంటలు తొలిచి దంతపు పూలతీగలను పొదుగుట ప్రధానము. ఆ తీగల మెలికలకు తీరమున అద్దిన కలంకారీ వస్త్రములలోని తీగలకు దగ్గర చుట్టరికము కలదు. 18వ శతాబ్ది ఉత్తరార్ధమునకు వచ్చుసరికి క్రమము తలక్రిందులైనది. చందనపుకర్రతో చేసిన పెట్టెనంతను పలుచని దంతపురేకులతో కప్పి, దంతపుసీలలతో బిగించి, ఆ రేకులపై సన్నని ములికితో చెట్లు, భవనములు, పూలయంచులు గీచి, గీతలలో నల్లని లక్కను కూరి తుడిచినచో, తెల్లనినేలపై నల్లనిచిత్రము ముద్రించిన కాగితమువలె నిలుచును. ఆ భవనములలో పెక్కింటికి ఐరోపా అచ్చుచిత్రములే మాతృకలు. లండనునందు థామస్ చిప్పెండేల్ 1754లో ప్రకటించిన నమూనాగ్రంథమువంటి పుస్తకములు తెలుగు కంసాలివీధికి వచ్చి, కంపెనీ యధికారుల పెట్టెలలో తిరిగి సముద్రము దాటినవి.

ఈ శిల్పమునకు లభించిన గౌరవమునకు ఒక నిదర్శనము చాలును. చెన్నపట్టణమున గవర్నరుగ నుండిన అలెగ్జాండర్ వించ్ ఇంగ్లండు తీసికొనిపోయిన దంతపు సామానును, ఆయన మరణానంతరము 1781లో జరిగిన వేలమునందు మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్టుకై కొనెను. నేడవి ఆ రాజకుటుంబపు సేకరణలో విశాఖపట్టణపు పనిగ గుర్తింపబడినవి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునందును ఈ పని కలదు. 19వ శతాబ్దిలో పెద్దసామాను తగ్గి, కుట్టుపెట్టెలు, చదరంగపు పలకలు, ఉత్తరముల పెట్టెలు, వాటిపై తాబేటిచిప్ప, ఏదుపంది ముళ్ళు, దుప్పికొమ్ము పొదుగుట హెచ్చినది. ఇంత సొగసైన పని తెలుగుచేతులనుండి పుట్టియు తెలుగుయిండ్లలో దాదాపు నిలువలేదు. అది మొదటినుండియు ఎగుమతికై పుట్టిన సరకు. ఉద్దానమున ఒక పాతయింట అట్టి పెట్టె కన్పించినచో అది కొనినదిగాక, కంపెనీకొలువునుండియో సంస్థానపు బహుమానముగనో వచ్చినదైయుండును.

1766లో ఉత్తరసర్కారులు ఆంగ్లేయులవశమైన పిమ్మట ఈ ప్రాంతము గంజాం జిల్లాలో చేరి, మందస, టెక్కలి, పర్లాకిమిడి మున్నగు జమీందారీలు కంపెనీకి పేష్కసు చెల్లించుచు నిలిచినవి. జమీందారుల కొలువుకూటములలో అంతకుముందు దిండ్లు, తివాచీలు, ఒక్క సింహాసనము ఉండెడివి. కలెక్టరుదొర దర్శనమునకు వచ్చునాటికి ఆయన కూర్చుండుటకు కుర్చీ కావలసినది. దొర కుర్చీపై కూర్చుండగ రాజు నేలపై నుండరాదుగాన రాజునకును కుర్చీ వచ్చినది. సింహపుతలల చేతులు, వెండిరేకు తొడుగు, ఎఱ్ఱమఖమలు పరుపుగల ఆ దర్బారుకుర్చీలు రూపమున ఐరోపావి, భావమున సింహాసనములు. తరువాత పాలరాతి పలకలుగల గుండ్రనిబల్లలు, నిలువుటద్దములు, టోపీకొయ్యలు, అద్దపుతలుపుల పుస్తకపు బీరువాలు జమీందారులనుండి దివానులకును, వారినుండి వకీళ్ళకును, కరణములకును దిగివచ్చినవి.

ఆంగ్లేయుల కాలపు వస్తువులలో ఈ శీతోష్ణస్థితికి నిజముగ ఒదిగినది పడకకుర్చీ. వాలిన వీపు, పేముతో అల్లిన ఆసనము, కాళ్ళు చాపుకొనుటకు ముందునకు తిప్పి సాగదీయదగిన పొడుగుచేతులు దీని స్వరూపము. పేముఅల్లికలోని రంధ్రములగుండ గాలి వీచును, చెమట నిలువదు. అందుచేతనే దొరలు వెడలిపోయినను అది అరుగుమీద నిలిచినది. దండుతోపాటు మోయుటకై మడతపెట్టదగిన బల్లలు, రెండుముక్కలుగ విడదీయదగిన సొరుగుల పెట్టెలు మరియొక జాతి. వాటి ఇత్తడిపిడులు పైకి ఉబ్బక చెక్కలో మునిగియుండుటచే ఎడ్లబండిమీద ఒండొంటికి రాసికొనవు. ఆవిరితో కర్రను వంచిచేయు గుండ్రనివీపు కుర్చీని మైకేల్ థోనెట్ ఆస్ట్రియాలో 1859లో వెలువరించగ, ఆ జాతి కుర్చీలు మనదేశమునకును విరివిగ వచ్చి ఫలహారశాలలను, కచ్చేరీలను నింపినవి.

1890 దశకమున తూర్పుతీరపు రైలుమార్గము ఈ సీమగుండ సాగినది. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి చిన్నరైలు నడచినది. అంతవరకు ఎడ్లబండి మోయగలిగినదే ఊరికి వచ్చెడిది. అప్పటినుండి కలకత్తా, చెన్నపట్టణముల తయారీ సామాను పల్లె సమీపమునకు చేరజొచ్చెను. దీనికంటె లోతైన ముద్ర వేసినది సముద్రము. బారువ, కళింగపట్టణము, గోపాలపురము రేవులనుండి వేలకొలది కూలీలు, వర్తకులు రంగమనబడు రంగూనుకు పోయి వచ్చుచుండిరి. బర్మాటేకు మన తూర్పుతీరపు రేవులలో దిగుచుండుటచే, నూనెగుణముగల, వంకరపోని ఆ కర్రకు తలుపులలోను, బీరువాలలోను మొదటిస్థానము దక్కినది. ఉద్దానపు పనసపని యెడల నాకెంత ప్రీతి యున్నను, పెద్దపలకలతో ఎత్తైన బీరువాను నిలుపుటకు టేకునకు సాటి లేదని ఒప్పుకొనవలసినదే. 1942లో జపానుసేనలు బర్మాను ఆక్రమింపగ మనవారు సర్వము విడిచి తిరిగివచ్చిరి. ఆ తోవయు తెగినది.

1936లో ఒరిస్సారాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అటుపోగ, టెక్కలి, పలాస, సోంపేటలు విశాఖపట్టణము జిల్లాలోను, 1950 ఆగస్టు 15 నుండి శ్రీకాకుళము జిల్లాలోను చేరినవి. ఇంతలో 1948నాటి మద్రాసు ఎస్టేటుల రద్దుచట్టము జమీందారీలను తుదముట్టించినది. రైతుదృష్టిచే అది న్యాయమైన మార్పు; శిస్తులకు, అడవిహక్కులకు మందస రైతులు పడినపాట్లు ఎరిగినవారు దానిని కాదనరు. కాని ఎస్టేటుల ఆదాయముపై నిలిచిన కోటలకు, అందలి సామానునకు పూర్వపు పోషణ అంతటితో పోయినది. ఇండ్లలో మార్పు వేరువిధముగ వచ్చెను. 1923లో గోద్రెజ్ సంస్థ ఆరంభించిన ఉక్కుబీరువా క్రమముగ ఊరూరికి వ్యాపించి, నిప్పుకు, చెదకు, దొంగకు భోషాణముకంటె మిన్నగ నిలిచినది. పెంకుటిల్లు పోయి డాబా వచ్చుసరికి ఉయ్యాలబల్ల వ్రేలాడదీయుటకు దూలమే లేకపోయెను. ఇరుకుతలుపులలో దూరని భోషాణమును విరిచి కిటికీలు చేయించుకొనినవారును కలరు. పురాతనమైన పనసపలకకు ఇంతకంటె అన్యాయము లేదు.

వస్తువు ప్రాయమును నిర్ణయించుటకు కొన్ని గుర్తులు నమ్మదగినవి. కర్ర నారకు అడ్డముగ కుంచించుకొనునుగాని పొడవున కుంచించుకొనదు. కాబట్టి నూరేండ్ల గుండ్రనిబల్ల కొలిచినచో కొంచెము కోలగ నుండవలయును, తరిమెనకాలు పూర్తివర్తులముగ నుండరాదు. ఇద్దరు మనుష్యులు లాగిన రంపపుగీతలు పలక వెనుకభాగమున తిన్నగ, కాని ఎడమెడముగ నుండును. యంత్రపు గుండ్రరంపము విల్లువలె వంగినగీతలు వేయును. చేతితో సాగగొట్టిన మేకు తల ఒకదానివలె నొకటి యుండదు. మొనగల మరమేకులు 19వ శతాబ్ది నడుమనుండియే వ్యాప్తికి వచ్చినవి, అంతకుముందువి మొండిమొనవి. ఇవన్నియు కుదిరినను, అరుగుదల ఉండవలసినచోట ఉన్నదాయని చూడవలెను. సొరుగునడుగున, కుర్చీచేతి కొనయందు, పెట్టెమూత ముందంచున అరుగుదల సహజము. కాళ్ళ లోపలివైపున నునుపు కనబడినచో అది ఎవరో గరుకుకాగితముతో కల్పించిన ముసలితనము. పాతమంచపు కోళ్ళు, క్రొత్తపలకలు కలిపి బల్లలు చేసి అమ్ముట నేడు మిక్కుటమైనది. తేయాకునీరు, నల్లరంగు పూసి మామిడికర్రను ఇరుగుడుగ చూపుదురు. బరువు తూచినచో మోసము బయటపడును.

చట్టరీత్యా పురావస్తువును ప్రభుత్వము గాని, అది అధికారమిచ్చిన సంస్థగాని తప్ప ఇతరులు దేశముదాటించుట నిషిద్ధము. దంతముగల వస్తువునకు దీనితోపాటు 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమును వర్తించును. దంతపు క్రయవిక్రయములు నేడు పూర్తిగ నేరములు. ఈ నిషేధము సర్వవిధముల సమంజసము. ఒక పెట్టెసొగసునకు ఏనుగు చావవలసిన కాలము మరల రాకుండుగాక. వారసత్వముగ దంతపువస్తువు కలవారు అమ్మకమును తలపెట్టక, చట్టప్రకారము దానికి కావలసిన ధ్రువపత్రములను సరిచూచుకొనుట క్షేమము.

ఇంటనుంచుకొని వాడువారికి ఈ తీరమున ప్రధానశత్రువులు తేమ, చెద, ఉప్పుగాలి. పెట్టె గోడను తాకక బెత్తెడెడముగ నుండవలెను; కాళ్ళక్రింద రాయి ఉండవలెను; వర్షాకాలము వెడలిన పిదప నీడలో తెరచియుంచి గాలి సోకనీయవలెను గాని మండుటెండలో నుంచరాదు, పలకలు విచ్చును. పాతమెరుగును గీకివేసి క్రొత్తవార్నిషు కొట్టించుట పెక్కురు చేయు పొరపాటు. చపడాలక్క పూతపై ఏండ్లతరబడి చేతులచమురు, దీపపుపొగ, తుడుపు కలసి ఏర్పడిన వన్నె ఒకసారి పోయినచో ఏ పాలిషుతోను తిరిగిరాదు. మెత్తనిబట్టతో పొడిగ తుడిచి, ఏడాదికొకసారి తేనెమైనము పలుచగ రాచినచో చాలును. కుసి విరిగినప్పుడు మేకు దిగగొట్టక, విరిగినదానిని తొలగించి అదేజాతికర్రతో క్రొత్తకుసి చేయించి అతికించవలెను. అందుకు కూలిన పాతయిండ్ల ద్వారబంధములు, దూలములు మంచి ఆకరములు, వాటికర్ర ఇదివరకే కుంచించుకొని స్థిరపడియుండును గనుక.

2018 అక్టోబరు 11న పలాసకు సమీపమున తీరముదాటిన తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరి, జీడితోటలతోపాటు తరముల వయస్సుగల పనసచెట్లను లెక్కకుమిక్కిలిగ నేలకూల్చినది. గాలికి పడిన చెట్టు శయ్యకు పనికిరాదని బృహత్సంహిత చెప్పినను, ఆ పనసలోని చేవకు ఏ దోషమును లేదు. పెట్టెలకు, పీటలకు, వ్యాసపీఠములకు ఆ నిషేధమును అన్వయింపనక్కరలేదు. ఆ మానులనుండి కోసిన పలకలు తోటలచెంత ఇంకను మిగిలియున్నచో, వాటిని పొయ్యికి పెట్టక, కొనలకు సున్నమో మైనమో పూసి నీడలో దొంతులుగ పేర్చి, నడుమ గాలియాడుటకు పుల్లలు పెట్టి ఆరబెట్టినయెడల, ఈ సీమ పాతసామానుకు రాబోవు మరమ్మతులన్నిటికి ఈ నేలలో పుట్టిన కర్రయే సరిపోవును.